పట్టుపంచెల హమాలీలు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఇల్లు మారడానికి అయ్యే ఖర్చంతా భార్యకు నోటితో లెక్క చెప్పడం మొదలుపెట్టాడు కొండలరావు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తా అతను. ఎవరైనా వచ్చి రెండు బోల్టులు కావాలంటే, అరిగిపోయిన పాత బోల్టులు రెండూ బల్ల మీద పెట్టించుకున్నాకే కొత్తవి తీసేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. సబ్బు అరిగి రేకులా అయ్యాక దాన్ని కొత్త సబ్బుకు అతికించే పని ఇంకెవరికీ అప్పగించేవాడు కాదు.

"చూడు రోజా, ఇల్లు మారేవాళ్ళు ఎక్కడ మునుగుతారో తెలుసా? అడ్వాన్సు దగ్గర కాదు, బ్రోకరు దగ్గర కాదు, బండి కిరాయి దగ్గర కాదు. అవన్నీ ముందే కనపడతాయి. కనపడని ఖర్చులుంటాయి చూడు, వాటి దగ్గర! ఇక్కడ ఓనరు గోడకి మేకులు కొట్టారని సున్నం డబ్బులు పట్టుకుంటాడు. అక్కడ కుళాయి కారుద్ది, ప్లంబరొస్తాడు. మన కర్టెన్లు వాళ్ళ కిటికీలకి చాలవు. అందుకే అన్నిటికీ కలిపి ముందే పక్కన పెట్టా. ముప్పై వేలు. పైన రూపాయి పడదు."

"పడితే పడిందిలెండి. ఆ ఇల్లు మాత్రం చెయ్యిజారకుండా చూడండి" అంది రోజారమణి.

ఆమె బాధ ఆమెది. నందిగామ హైస్కూల్లో సోషల్ టీచరు. జగ్గయ్యపేట నుంచి బస్సులో నిలబడి వెళ్ళి, బడిలో నిలబడి పాఠాలు చెప్పి, మళ్ళీ బస్సులో నిలబడి ఇంటికొచ్చేది. ఆరేళ్ళు అలా తిరిగాక ఆమె కాళ్ళు మొరాయించాయి. ఒక సాయంత్రం వేడినీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని "ఇక నావల్ల కాదండీ" అని ఆమె ఏడుస్తుంటే కొండలరావు మనసు నిజంగానే కలుక్కుమంది. మర్నాడే ఇళ్ళ వేటలో పడ్డాడు. ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నందిగామ దాకా వస్తుందని, దానికి టికెట్టు ఉండదని తెలిశాక ఆ వేట మరింత జోరందుకుంది.

బడికి రెండు వీధుల అవతల ఒక మేడ పై వాటా దొరికింది. కింది వాటాకు తాళం. ఓనరు శాంతయ్య కంచికచర్లలో అపరాల వ్యాపారి. కింద తన సరుకు దాచుకునేవాడు. వెనక ఎప్పుడో ఒక అద్దెమనిషి ఖాళీ చెయ్యనని మొండికేసి ఆయన్ని కోర్టుల చుట్టూ తిప్పాడట. అప్పట్నుంచి అద్దెకు వచ్చిన ప్రతివాణ్ణీ ఆయన ముందు "మీ వాళ్ళలో లాయర్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగేవాడు. కొండలరావును మూడుసార్లు అడిగాడు. ఆఖరికి పై వాటా తాళంచెవి చేతిలో పెడుతూ, "ఏ మాత్రం తేడా కనపడినా ఆ రోజే పంపించేస్తానండీ, మొహమాటం ఉండదు" అన్నాడు. బడి దగ్గర ఇంకో ఇల్లు లేదు. జగ్గయ్యపేట ఇంట్లోకి వీళ్ళు ఖాళీ చేసిన రోజే వేరేవాళ్ళు దిగుతున్నారు. అంటే ఇక వెనక్కి వెళ్ళడానికి చోటు కూడా లేదు.

ఖర్చులన్నిటికీ చోటు దొరికింది గానీ, ఒక్క ఖర్చు మాత్రం కొండలరావుకు మింగుడు పడలేదు. మినీ లారీ నడిపే యూనస్, జగ్గయ్యపేటలో సామాను ఎక్కించడానికి తన మనుషుల్నే తెస్తానన్నాడు. నందిగామలో దించడానికి మాత్రం అక్కడి హమాలీల్ని మాట్లాడుకోమని ఒక మేస్త్రీ నంబరిచ్చాడు. కొండలరావు ఫోన్ చేశాడు.

"దించడానికి మూడు వేలండి. మెట్లున్నాయాండి?" అన్నాడు మేస్త్రీ.

"ఉన్నాయి. పై వాటా."

"మెట్లకి వేరేనండి. బీరువా ఉందాండి?"

"బీరువా లేకుండా ఎవరుంటారయ్యా?"

"దానికి వేరేనండి. ఫ్రిజ్జుకి కూడానండి. టిఫిను మీరే పెట్టాలండి."

కొండలరావు ఫోన్ పెట్టేసి చాలాసేపు పెరట్లో పచార్లు చేశాడు. మంచి పుష్టిగా తిని తిరిగే బంధువులు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంతమంది ఉండగా, ముక్కూమొహం తెలియనివాడికి మెట్లెక్కినందుకు డబ్బివ్వడం అతనికి అన్యాయంగా తోచింది. మేనత్త పున్నమ్మ నందిగామ పక్క పల్లెలోనే ఉంటుంది. ఆవిడకు ఇద్దరు కొడుకులు. ఒక్కొక్కరూ బస్తాను చంకలో పెట్టుకుని నడవగలరు. వెంటనే ఆవిడకు ఫోన్ కలిపాడు.

"అత్తా, గురువారం తెల్లారి నందిగామలో ఇంట్లోకి దిగుతున్నాం. పాలు పొంగిస్తన్నాం. నువ్వు లేకపోతే ఎట్టా? బావల్ని కూడా తీసుకురా. ముఖ్యంగా బావల్ని."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అద్దె ఇంట్లోకి దిగేవాళ్ళు మొగుడూ పెళ్ళాం ఇద్దరే తెల్లవారుజామున వెళ్ళి, గిన్నెడు పాలు పొంగించి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి ఊరుకుంటారు. బంధువులకు తర్వాతెప్పుడో మాటల్లో తెలుస్తుంది. పాలు పొంగిస్తున్నాం రండి అని పనిగట్టుకుని ఫోన్ చేశారంటే అది సొంత ఇల్లే. ఈ సంగతి ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. కొండలరావుకూ తెలుసు. అద్దె ఇల్లని చెబితే బీరువా మొయ్యడానికి ఎవడూ రాడని ఇంకా బాగా తెలుసు. అందుకని అతను అబద్ధమేమీ ఆడలేదు. ఆ ఒక్క ముక్క చెప్పలేదు, అంతే.

అవతల పున్నమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "మా అన్నయ్య ఉండుంటే ఎంత సంతోషపడేవాడురా కొండలూ!" అంది. కొండలరావుకు లోపల కొంచెం ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా ఓర్చుకుని, బలంగా ఉన్న బంధువులు ఇంకెవరెవరున్నారో ఆలోచించి మరో అరడజనుమందికి ఫోన్లు చేశాడు.

సాయంత్రానికి రోజారమణి అన్న నరేంద్ర నుంచి ఫోన్ వచ్చింది. అతను చందర్లపాడులో మిర్చి వ్యాపారం చేస్తాడు. ఏ పని చేసినా ఊరంతా చూడాలనుకునే మనిషి.

"ఏంటి బావగారూ, ఇంత గుట్టా! పున్నమ్మగారు చెబితే గానీ తెలియలా. చెల్లెలు కూడా ఒక్క మాట అనలా. రెండంతస్తులంటగా?"

"అంటే... మెట్లయితే ఉన్నాయిలెండి."

"ఎంతలో అయింది?"

"అయ్యో, అదంతా ఇప్పుడెందుకు బావగారూ! మీరొచ్చి కాస్త సాయం పట్టండి చాలు."

"సాయమేంటండీ! మొత్తం నేను చూసుకుంటా. మీరు వేలు కూడా కదపొద్దు!"

వేలు కూడా కదపొద్దన్న మాట కొండలరావు చెవికి అమృతంలా తగిలింది. రోజారమణితో "మీ అన్నయ్య సామాను దించడానికి వస్తానన్నాడు" అని మాత్రం చెప్పాడు. ఆమె నిజమే కాబోలనుకుని, అన్నయ్యకు తనంటే ఎంత ప్రేమో అని మురిసిపోయింది.

గురువారం ఇంకా చీకటి విడిపోకముందే బయల్దేరారు. ఇక్కడి ఓనరు సున్నం డబ్బులతోపాటు, గీతలు పడ్డాయని తలుపు రంగు డబ్బులు కూడా పట్టుకున్నాడు. తలుపు రంగు కొండలరావు లెక్కలో లేదు. చిల్లకల్లు దగ్గర టోల్‌గేటులో యూనస్ చెయ్యి చాపి, "సార్, టోల్ మీదేగా" అన్నాడు. అదీ లెక్కలో లేదు. అయినా కొండలరావు ధైర్యంగానే ఉన్నాడు. మెట్లకి వేరే ఇవ్వనక్కర్లేదన్న ఆనందం అలాంటిది. పక్కన రోజారమణి ఒళ్ళో దేవుడి పటం, చేతిలో పాలగిన్నె పెట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, చిన్నపిల్లలా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నందిగామలో వీధి మలుపు తిరగగానే యూనస్ బ్రేకు వేశాడు. "సార్, అడ్రసు ఇదేనా? ఎవరిదో పెళ్ళున్నట్టుంది."

ఇంటి ముందు షామియానా. దాని కింద ఎర్ర కుర్చీలు. గేటుకు రెండు పక్కలా అరటి చెట్లు, పైన మామిడాకుల తోరణం. ఒక మూల గాడిపొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. కార్లు మూడు, ఆటోలు రెండు, కొమ్ములకు పసుపు రాసిన ఆవు ఒకటి, దాని దూడ. మొత్తం నలభై మందికి తక్కువ లేరు. ఆడవాళ్ళంతా కంచిపట్టు చీరల్లో ఉన్నారు. మగవాళ్ళంతా పట్టుపంచెలు కట్టారు. వాళ్ళ మధ్య నరేంద్ర కండువా సర్దుకుంటూ పురోహితుడికి ఏవో ఆజ్ఞలిస్తున్నాడు.

"వీళ్ళంతా ఎందుకొచ్చారండీ?" అంది రోజారమణి తెల్లబోయి.

"మీ అన్నయ్య ప్రేమ" అన్నాడు కొండలరావు. "నువ్వు ముందు పటం తీసుకుని పైకెళ్ళి గదులు ఊడ్చుకో."

ఆమె అటు మెట్లెక్కగానే అతను మేనత్త పెద్దకొడుకు దగ్గరికి పరిగెత్తాడు. "బావా, ముహూర్తం అవగానే ఆ బీరువా ఓ పట్టు పట్టాలి."

"బీరువానా? పట్టుపంచెరా ఇది. నిన్ననే కొన్నా. మరకవుద్ది. హమాలీల్ని పిలిపించరాదూ, ఇంత ఇల్లు కొన్నోడివి?"

చిన్నకొడుకును అడిగాడు. అతను తెల్ల లాల్చీ చూపించి నవ్వాడు. ఇంకొకాయన నడుం పట్టుకుని చూపించాడు. తను ఏరికోరి పిలిచిన కండలన్నీ అత్తరు పూసుకుని వచ్చాయని కొండలరావుకు అర్థమైంది. ఈలోగా పున్నమ్మ వచ్చి, అతని బుగ్గలు పుణికి, ఒక కొత్త పట్టుచీర, పంచెలచాపు చేతిలో పెట్టి, కింది వాటా వైపు చూసి ఆగింది.

"ఇక్కడ తాళమేంట్రా?"

"కింద... సామానుందత్తా. పైన చేద్దాం."

"ఎవరి సామాను?"

"ఇంటిదే."

"కిందిల్లు వదిలేసి ఎవరన్నా పైన పాలు పొంగిస్తారా? ఆవు మెట్లెక్కుద్దా?"

సింహద్వారం కిందే కాబట్టి మొదటి అడుగు ఇక్కడే పడాలని పురోహితుడు కూడా చెప్పాడు. తాళంచెవి లేదన్నాడు కొండలరావు. రేపు వస్తుందన్నాడు.

"ముహూర్తం రేపటిదాకా ఆగుద్దా బావగారూ?" అన్నాడు నరేంద్ర.

అప్పుడైనా చెప్పేస్తే సరిపోయేది. కొండలరావు నోరు తెరిచాడు కూడా. కానీ నలభై మొహాలు తనవైపే చూస్తున్నాయి. అన్ని మొహాల్లోనూ తనంటే ఎన్నడూ లేని గౌరవం కనిపిస్తోంది. పెళ్ళినాడు కూడా అత్తారింటివాళ్ళు తనను అలా చూడలేదు. ఆ గౌరవాన్ని ఇంకో నిమిషం అనుభవించి చెబుదామనుకున్నాడు. ఆ నిమిషంలో నరేంద్ర కొబ్బరికాయ కొట్టడానికి తెచ్చిన రాయి ఎత్తి తాళం మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఆ చప్పుడుకు రోజారమణి చీపురుతో సహా కిందికి వచ్చింది. విరిగిన తాళాన్ని, తెరిచిన తలుపుల్ని, లోపలికి నడుస్తున్న ఆవును చూసి మొగుణ్ణి గోడ పక్కకు లాగింది.

"శాంతయ్యగారి తాళం ఎవరు పగలగొట్టారు?"

"మీ అన్నయ్య."

"ఎందుకు?"

"మనం ఇల్లు కొన్నామనుకుంటున్నాడు."

"అట్టా అని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. నేను కూడా చెప్పలా" అన్నాడు కొండలరావు దీనంగా.

ఆమె మొహంలో రంగు మారింది. ఏదో అనబోయింది గానీ, "దంపతులు రావాలి, దంపతులు!" అని పురోహితుడు గొంతు చించుకుంటున్నాడు. ఇద్దర్నీ తలొక చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. పెసల బస్తాల మధ్య స్టవ్వు పెట్టి పాలు పొంగించారు. పాలు తూర్పుకే పొంగాయని పున్నమ్మ సంతోషంతో కళ్ళొత్తుకుంది. అందరూ అక్షింతలు వేసి ఉప్మా మీద పడ్డారు. ఆవును బయటికి తోలుకురావడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఎదురింటాయన ఈ సందడంతా చూసి మనసాగక శాంతయ్యకు ఫోన్ చేశాడు. "ఇల్లమ్మేసి మాట మాత్రం చెప్పలేదేంటండీ?" అని నిష్ఠూరమాడాడు. కంచికచర్లలో శాంతయ్య నోట్లో పళ్ళపొడితో సహా మోటారుసైకిలెక్కాడు.

ఆయన గేటులో దిగేసరికి నరేంద్ర రెండు చేతులూ చాపి ఎదురెళ్ళాడు. "రండి రండి! మీరు ఎవరి తరఫండీ?"

"నేనా? ఈ ఇంటి తరఫు" అన్నాడు శాంతయ్య పళ్ళు కొరుకుతూ.

"అయితే మనోళ్ళేగా! కూర్చోండి. ఎవర్రా అక్కడ, ఇక్కడో ప్లేటు!"

శాంతయ్య నిజంగానే కూర్చున్నాడు. చేతిలోకి ఉప్మా వచ్చింది. ఆయన తన సొంత వాకిట్లో, తన సొంత గుమ్మానికి కట్టిన తోరణం చూస్తూ అడిగాడు. "ఎంతకు కొన్నారంట?"

"బయట రేటయితే కోటికి తక్కువుండదండి. మా బావగారు ఎంతకు కొట్టేశాడో చెప్పట్లా. ఆయన బేరమాడితే అవతలోడు ఏడవాల్సిందే. పాత ఓనరెవరో అమాయకుడు దొరికినట్టున్నాడు."

"అమాయకుడా?"

"అదిగో, గేటు మీద పలక చూడండి, శాంతయ్య అంట. పాపం, తేరగా ఇచ్చేసుంటాడు. ఆ పలక రేపు పీకించేస్తా."

సరిగ్గా అప్పుడే కింది వాటాలోంచి ఆవు తీరిగ్గా బయటికి వచ్చింది. మూతి నిండా పెసలు అంటుకుని ఉన్నాయి. శాంతయ్య ఉప్మా ప్లేటు పక్క కుర్చీలో పెట్టి లేచాడు.

"ఏవయ్యా కొండలరావూ!" అని ఆయన అరిచిన అరుపుకు దూడ బెదిరి షామియానా తాళ్ళలో కాలు పెట్టింది. "అద్దెకి రమ్మంటే ఆక్రమణకొచ్చావా? తాళం పగలగొట్టావు, పాలు పొంగించావు, నా సరుకు ఆవుకు మేపావు, ఇప్పుడు పలక కూడా పీకుతావా? రేపు కోర్టుకెళ్ళి ఇదిగో ఫోటోలు, వీళ్ళంతా సాక్షులు అంటావు. నాకు తెలియదనుకున్నావా ఈ ఎత్తులు? బండిలోంచి గరిటె కూడా దిగడానికి వీల్లేదు. నీ అడ్వాన్సు నువ్వు తీసుకుని దారి పట్టు. లేదా పోలీసుల్ని పిలుస్తా!"

అద్దె అన్న మాట షామియానా కింద ఒక్కో కుర్చీనీ దాటుకుంటూ వెళ్ళింది. అది దాటిన చోటల్లా ఉప్మా తినడం ఆగిపోయింది. పున్నమ్మ తను పెట్టిన పట్టుచీర వైపు చూసింది. నరేంద్ర తను తాళం పగలగొట్టిన రాయి వైపు చూశాడు.

"సార్, దించేదా, వెనక్కి తిప్పేదా? వెయిటింగ్ పడతా ఉంది" అన్నాడు యూనస్ బండిలోంచి తల బయట పెట్టి. అదే సమయానికి జగ్గయ్యపేట ఓనరు ఫోన్ చేసి, కొత్తవాళ్ళు దిగిపోయారని, పెరట్లో మర్చిపోయిన చీపురుకట్ట మీదేనా అని అడిగాడు.

కొండలరావు రోజారమణి వైపు చూశాడు. ఆమె తిట్టలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని నిలబడింది. పొద్దున రాసుకున్న పసుపు ఇంకా పోలేదు. రేపట్నుంచి మళ్ళీ ఆ పాదాలు ఆ బస్సులోనే. అది తలుచుకోగానే కొండలరావుకు సిగ్గేసింది. బతుకులో మొదటిసారి అతను ఏమీ మిగుల్చుకోకుండా మాట్లాడాడు.

"అందరూ వినండి. ఇది అద్దె ఇల్లే. శాంతయ్యగారిదే. నేను కొనలా, ఆక్రమించడానికీ రాలా. హమాలీలు మెట్లకి వేరే అడిగారండి, బీరువాకి వేరే అడిగారు. ఆ కూలి మిగుల్చుకుందామని మిమ్మల్ని పిలిచా. అద్దె ఇల్లంటే రారని చెప్పలేదు. తప్పు నాది. మా ఆవిడకి ఏమీ తెలియదు. ఆవిడకి ఈ ఇల్లు కావాలండీ. కాళ్ళు నొప్పులండీ ఆవిడకి. నన్ను కావాలంటే కొట్టండి, ఇల్లు మాత్రం ఇవ్వండి."

శాంతయ్య ఒక్క మాట నమ్మలేదు. "హమాలీ కూలి కోసమా? ఎవరికి చెబుతున్నావు ఈ కథలు? కూలి కోసం ఇంత మందిని పోగేసేవాడు ఎక్కడన్నా ఉంటాడా?"

"ఎందుకుండడు, వీడున్నాడు!" అని పున్నమ్మ కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. ఆవిడ కళ్ళల్లోంచి నిప్పులు రాలుతున్నాయి. "వీడి సంగతి నేను చెబుతా వినండి. మా అన్నయ్య పోయినప్పుడు పదోరోజు భోజనాలకి, ఆకులో మిగిల్చిన వాళ్ళని పేరు పేరునా నిలబెట్టి తినిపించాడు. ఏడుస్తా తిన్నాం!"

"మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి వచ్చి నూట పదహార్లు చదివించాడు. పదహారు చిల్లర లేదని నా దగ్గరే తీసుకున్నాడు. ఇంతవరకు ఇవ్వలా" అన్నాడు ఆవిడ పెద్దకొడుకు.

"నాతో హైదరాబాదు కార్లో వచ్చి, దారిలో టీ తాగుదామంటే తనకి అలవాటు లేదన్నాడండీ. నేను తాగుతుంటే సగం పొయ్యమన్నాడు" అన్నాడు నరేంద్ర. "ఈయన కోసమా నేను షామియానా వేయించింది!"

ఒకరి తర్వాత ఒకరు లేచారు. అందరి దగ్గరా ఒక్కో సంగతి ఉంది. కొందరి దగ్గర రెండేసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్నవన్నీ ఆ పొద్దున శాంతయ్య ముందు గుమ్మరించారు. చివరికి రోజారమణి కూడా గోడ వదిలి వచ్చింది.

"మా పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటుంటే, బియ్యం వృథా అవుతాయి, మెల్లిగా పొయ్యమని నా చెవిలో చెప్పారండీ. నేను అదేదో ప్రేమమాట అనుకుని నవ్వా. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది" అంది.

శాంతయ్య మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు గడ్డం గోక్కుంటూ కొండలరావును కిందనుంచి పైదాకా చూశాడు. ఆయన మొహంలో అనుమానం కొద్దికొద్దిగా విడిపోయింది.

"ఇల్లు ఆక్రమించాలంటే లాయరుకి ఫీజివ్వాలి" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "వాయిదా వాయిదాకీ ఇవ్వాలి. లాయరు గుమస్తాకి వేరే ఇవ్వాలి. దొంగ కాగితాలు పుట్టించాలంటే వాటికీ ఖర్చే." మళ్ళీ ఒకసారి కొండలరావు వైపు చూశాడు. "ఇవ్వడు. ఈ మనిషి చచ్చినా ఇవ్వడు. ఇంత నికార్సయిన అద్దెమనిషి నాకు మళ్ళీ దొరకడు. దించుకోండయ్యా సామాను!"

రోజారమణి మెట్ల మీదే కూలబడి చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. అది చూసి నరేంద్రకు బావ మీద కోపం పోలేదు గానీ చెల్లెలి మీద జాలి ముంచుకొచ్చింది. పంచె పైకి ఎగ్గట్టి, కండువా తలకు చుట్టి, "పదండిరా, ఇది మా చెల్లెలి సామాను, ఆయనది కాదు" అన్నాడు. పున్నమ్మ కొడుకులిద్దరూ లాల్చీలు విప్పి వచ్చారు. పున్నమ్మ మాత్రం పట్టుచీర తిరిగి సంచిలో పెట్టుకుని, సొంత ఇల్లు కొన్నప్పుడు పెడతానని, ఆ రోజు వస్తే చూద్దామని అంది. పంచెలచాపు కూడా తీసుకుంది.

శాంతయ్య ఆవు తిన్న పెసలకు, విరిగిన తాళానికి లెక్క కట్టాడు. ఆవువాడు, పురోహితుడు, వెయిటింగు డబ్బుల కోసం యూనస్ కూడా వరసగా వచ్చి నిలబడ్డారు. ఆ డబ్బుతో హమాలీలు బీరువాను రెండుసార్లు ఎక్కించి దించేవాళ్ళు. కొండలరావు కిక్కురుమనకుండా ఇచ్చాడు. పైన వంటగది కిటికీలోంచి రోజారమణి గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తుంటే అతనికి నిజంగానే హాయిగా ఉంది.

పెట్టె, మంచాలు, ఫ్రిజ్జు పైకి చేరాయి. బీరువాను నరేంద్ర ముందు పట్టుకుని, పున్నమ్మ కొడుకులు వెనక పట్టుకుని, మెట్లెక్కించడం మొదలుపెట్టారు. శాంతయ్య కొండలరావు భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

"మీలాంటి మనిషి కోసం నేను పదేళ్ళుగా వెతుకుతున్నానండీ. కింద సరుకుంది. వెనక వీధిలో ఇంకో మూడు వాటాలున్నాయి. కంచికచర్ల నుంచి రోజూ వచ్చి చూసుకోలేకపోతున్నా. మీరు అద్దెలు వసూలు చెయ్యాలి, మోటారు వెయ్యాలి, ఎవరన్నా మేకు కొడితే ఒప్పుకోకూడదు. నమ్మకంగా చెయ్యాలి. మీరు చూసుకుంటానంటే ఈ ఇంట్లో ఎన్నాళ్ళున్నా నాకు అభ్యంతరం లేదు."

కొండలరావు ఛాతీ ఉప్పొంగింది. పొద్దుటి నుంచి పోయిన పరువంతా ఒక్కసారిగా తిరిగొచ్చినట్టనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"తప్పకుండా చూస్తానండీ. జీతం ఎంతనుకుంటున్నారు?"

శాంతయ్య అతని భుజం మీదనుంచి చెయ్యి తీసి, మెట్ల వైపు తిరిగి, బీరువాను కాసేపు అక్కడే ఆపమన్నాడు.